మట్టిపిట్ట పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
చెంప కర్రనంటి చేతులు కదలంగ
కన్ను పిట్టమీద కదలకుండ
ముందు కొట్టువాడె ముక్కలు గననేర్చు
ఆగి చూచునాత డాకసంబు

అవతారిక: కొత్తగా తుపాకి పట్టిన శిష్యుడొకడు మొదటి రౌండులో గాలిలోకి విసిరిన 25 మట్టిపిట్టలకు 4 పగలగొట్టి, చెంప కమిలి, బెంచీ మీద కూలబడ్డాడు. అప్పుడు గురువుగారు టీ తాగుతూ చెప్పిన నాలుగు ముక్కలే ఈ ఆటవెలది. పద్యం కట్టిన శిష్యుడూ ఈ వ్యాఖ్యాతా ఒక్కరే. అందుచేత కవిహృదయం దొరకలేదన్న చింత లేదు, పిట్ట దొరకలేదన్నదే చింత.

ప్రతిపదార్థం: చెంప = చెక్కిలి; కర్రన్ = తుపాకి వెనుకనుండు చెక్కను; అంటి = అంటుకొనియుండి; చేతులు = హస్తములు; కదలంగన్ = పిట్టతోపాటు తిరుగుచుండగా; కన్ను = చూపు; పిట్టమీదన్ = ఎగురుచున్న బిళ్లపై; కదలకుండన్ = నిలిచియుండగా; ముందు = పిట్ట ఉన్నచోట గాక పోబోవుచోట; కొట్టువాడె = కాల్చువాడు మాత్రమే; ముక్కలు = పగిలిన పెంకులను; గననేర్చున్ = చూడగలడు; ఆగి = తుపాకి నిలిపి; చూచునాతడు = గురి కుదిరినదా అని సరిచూచుకొనువాడు; ఆకసంబు = వట్టి ఆకాశమును (గననేర్చునని అన్వయము).

విశేషాలు: 'పిట్ట' అన్నది లక్షణ. పూర్వం బోనుల్లోంచి నిజం పావురాలనే వదిలి కాల్చేవారు; 1900 పారిస్ ఒలింపిక్స్ వేళ కూడా ఆ పోటీ జరిగింది. అమెరికాలో సిన్సినాటికి చెందిన జార్జ్ లిగోవ్‌స్కీ 1880లో మట్టిబిళ్లకు పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటి బిళ్లలో మట్టీ లేదు, కీలూ సున్నపురాయి పొడీ కలిపి పోస్తారు. 11 సెంటీమీటర్ల వెడల్పు, దగ్గరదగ్గర 105 గ్రాముల బరువు. మట్టి లేని మట్టిపిట్ట, రెక్కల్లేని పిట్ట. అయినా శిష్యుణ్ణి తప్పించుకోవడంలో పావురానికేమీ తీసిపోదు.

శంక: చేతులు కదలాలనీ కన్ను కదలకూడదనీ ఒకే పద్యంలో చెప్పడం పొసగునా? సమాధానం: విరోధాభాసం. కన్ను నిలిచేది పిట్టమీద, పిట్ట ఎటూ నిలవదు గనుక చూపు దానితోపాటే పోతుంది. గొట్టం కొసన చిన్న పూస ఉంటుంది. కొత్తవాడు దాన్ని చూస్తాడు, పిట్టను చూస్తాడు, మళ్లీ పూసను చూస్తాడు, అంతలో పిట్ట గడ్డిలో పడుతుంది. 'కన్ను' అని ఏకవచనం వేశారు గనుక ఒకటి మూయవలెనని ఒక వ్యాఖ్యానముంది. అది నిలవదు. రెండూ తెరిచే ఉండాలి, వేగమూ దూరమూ అప్పుడే తెలుస్తాయి. కాకపోతే రెండింటిలో పెత్తనం ఎవరిదో ముందే కనుక్కోవాలి. అరచేతులు జోడించి మధ్య చిన్న సందు ఉంచి, అందులోంచి గోడగడియారాన్ని చూస్తూ ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే గడియారం మాయమవుతుందో ఆ కంటిదే పెత్తనం. కుడి భుజాన తుపాకి పెట్టి ఎడమ కంటి పెత్తనం కిందున్నవాళ్లు కళ్లజోడు ఎడమ అద్దానికి చిన్న టేపుముక్క అంటిస్తారు.

'చెంప కర్రనంటి' అన్నదాన్ని శృంగారపరంగా సాగదీయబోయిన సహశిష్యుడికి ఆ సాయంత్రమే చెంప వాచింది. చెంప కర్రకెందుకు అంటాలంటే, ఈ తుపాకికి వెనక సైటు లేదు, కన్నే ఆ పని చేయాలి. పగిలిందా లేదా అని ముందే తల ఎత్తితే కన్ను లేస్తుంది, తూటాలోని రవ్వలు పిట్ట మీదుగా పోతాయి.

పద్యానికి ప్రాణం 'ముందు' అన్న మాట. సెకనుకు 20 మీటర్ల చొప్పున అడ్డంగా పోయే పిట్ట 30 మీటర్ల దూరంలో ఉందనుకోండి. రవ్వలు అక్కడికి చేరడానికి సుమారు సెకనులో పదోవంతు పడుతుంది. అంతలో పిట్ట రెండు మీటర్లు జరిగిపోతుంది, అంటే మంచం పొడవు. ఎదరకు పారిపోయే పిట్టకు ఇంత అక్కర్లేదు. ఈ లెక్క శిష్యుడు కాగితం మీద తప్పులేకుండా వేశాడు. రేంజిలో మాత్రం గురువుగారు ప్రతి దెబ్బకూ "వెనకాల... వెనకాల..." అన్నారు, బస్సు కండక్టరులా.

ఎందుకు వెనకాల? 'ఆగి' అన్నారు చూడండి. గొట్టం పిట్టను దాటేదాకా బాగానే తిప్పుతాడు; ట్రిగ్గరు నొక్కే క్షణాన చెయ్యి నిలిచిపోతుంది. ముందుకు తెచ్చిన మంచం పొడవంతా అక్కడే ఖర్చు. నొక్కాక కూడా తిప్పుతూనే ఉండాలి, ముగ్గు గీత చివర చేయి సాగినట్టు.

హైదరాబాద్‌కు చెందిన కైనన్ చెనాయ్ ఈ మట్టిపిట్టల ఆటల్లో ఒకటైన ట్రాప్ పోటీలో 2016 రియో ఒలింపిక్స్ దాకా వెళ్లాడు గనుక ఇక్కడి నీళ్లలోనే ఏదో ఉందని శిష్యుడి నమ్మకం. ఇతనికి ఆ నీళ్లింకా పట్టలేదు.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని ముమ్మారు మనసులో చదువుకుని, భుజానికి తుపాకి ఆనించి, పిట్టను వదలమని "పుల్" అన్నాడు శిష్యుడు. నారింజరంగు బిళ్ల ఎడమనుంచి లేచింది. ఈసారి చెయ్యి ఆగలేదు. గాలిలో పిడికెడు నల్లటి పొడి, అంతే. ఆ రౌండులో 25కు 9 పగిలాయి. మిగతా 16 ఆకసంబు.