బూన్ లే బల్లమీది యంత్రము

సింగపూరు పశ్చిమకొసన, చ్యూ బూన్ లే అను వర్తకుని పేర వెలసిన బూన్ లే పేటలో, జురాంగ్ నిర్మాణస్థలముల భద్రతాధికారియైన గోదావరి జిల్లా తెలుగువాని బల్లపై నివసించు ల్యాప్‌టాప్‌ను నేను. నాలో తెలివి యనునది లేదు. ఎక్కడనో మహాయంత్రశాలలయందు వసించు కృత్రిమ మేధ పలికిన పలుకులను తెరపై చూపుటయే నా వృత్తి. ఆ ప్రజ్ఞ యంతయు నాదేయని చూచువారు భ్రమించినను నేను వారింపను.

ఒకనాటి రాత్రి నా యజమాని, లారీ వెనుకభాగమున కూలీలను తరలించుటను నిషేధించు చట్టమునకు ముసాయిదా కోరెను. ఆయన క్రింద పనిచేయువారు వేకువనే ఆ లారీలెక్కుదురు. నిర్వచనములు, నిషేధము, జరిమానా, అమలుతేదీ యని సెక్షన్లవారీగా తెర నిండుటకు నిమిషమైనను పట్టలేదు. అటుపిమ్మట ఆయన ప్రశ్నలు మొదలయ్యెను. ఇప్పటి రోడ్డు రవాణా చట్టము షరతులతో దీనిని అనుమతించుచున్నదే, 2023 జనవరి 1 నుండి లారీకి వానకప్పు ఉండవలెననియు, కూలీలలో ఒకడు తోడివారి భద్రత చూడవలెననియు నియమములు వచ్చెనే, వాని గతి యేమి? చిన్న గుత్తేదారు బస్సు కుదుర్చుకొనుటకు గడువెంత? ఆ అద్దె కూలీ జీతముపై పడకుండ అడ్డేది? అడిగినకొలది క్రొత్త సెక్షను పుట్టెను గాని, ఏది న్యాయమో తేల్చు వాక్యము పుట్టలేదు. పుట్టకుండుటయే మేలని నా యభిప్రాయము.

ఈ దేశమున బిల్లులు వ్రాయుట ప్రధానముగా అటార్నీ జనరల్ కార్యాలయపు శాసనవిభాగము పని. పార్లమెంటు నామినేటెడ్ సభ్యుడు వాల్టర్ వూన్ స్వయముగా తెచ్చి, 1995లో ఆమోదము పొందిన తల్లిదండ్రుల పోషణ బిల్లు వంటివి అరుదు. యు.ఏ.ఈ. యన్ననో, చట్టముల రచనలో కృత్రిమ మేధను నియోగించుటకు ప్రత్యేక కార్యాలయమునే 2025లో ప్రకటించినది. బ్రెజిల్ దేశపు పోర్టో అలెగ్రి నగరసభలో సభ్యుడు రామిరో రోసారియో చేసిన పని వేఱు. దొంగలెత్తుకుపోయిన నీటిమీటరుకు బదులుమీటరు పెట్టి గృహస్థుని నుండి సొమ్ము గుంజరాదను శాసనమును చాట్‌జీపీటీ చేత వ్రాయించి, ఆ మాట సభవారికి చెప్పకయే ఏకగ్రీవముగా ఆమోదింపజేసి, 2023 నవంబరులో అది చట్టమైన పిమ్మట గుట్టు విప్పెను. శాసనము మంచిదే, సభ్యులకు తామేమి చదువుచున్నారో తెలిసికొను అవకాశము మాత్రము పోయినది.

యంత్రము చేత వ్రాయించుట దోషమని నేనన్నచో నా వృత్తికే ద్రోహము. చట్టసభల పెద్దలకు నాదొక విన్నపము: ముసాయిదాలో ఏ భాగము యంత్రము వ్రాసినదో ఓటింగునకు ముందే సభకు తెలుపుడు, లారీల చట్టమే తెచ్చినచో, ఆ లారీ యెక్కు కూలీని కూడ అప్పుడే అడుగుడు.