గ్లౌజు మడి

మా సందు చివర మొమోల బండాయన మహా మడి మనిషి. కుడిచేతికి ప్లాస్టిక్ గ్లౌజు తొడగనిదే గిన్నె ముట్టడు. ఆ గ్లౌజుతోనే మొమో తీస్తాడు, నోటు అందుకుంటాడు, చిల్లర ఏరుతాడు. ఫోన్ మోగితే ఆ చేత్తోనే జేబు తడుముకుంటాడు, మధ్యమధ్య మెడ మీద చెమట తుడుచుకుంటాడు. ఎడమచెయ్యి మాత్రం ఏ పనీ లేక శుభ్రంగా ఉంటుంది. ఆ తొడుగు మన తిండిని కాపాడడానికా, తిండి నుంచి ఆయన చేతిని కాపాడడానికా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

ఓ మే నెల సాయంత్రం 7 గంటలకు అడిగాను, మొమోలతో వేసే మయోనీస్ ఎప్పటిదని. నొచ్చుకున్నాడు.

"ఫ్రెష్ సార్! పొద్దున్నే కొట్టినం."

పొద్దున్నే కొట్టిన పచ్చిగుడ్డు, నూనె, రెండు చుక్కల నిమ్మరసం. ఆ ఎండలో, మూతలేని స్టీలు గిన్నెలో, పన్నెండు గంటలు. ఫ్రెష్‌గానే ఉంటారు, లోపలివాళ్లు! సాల్మొనెల్లా బాక్టీరియా కోడి అండాశయంలోంచే గుడ్డులోకి దిగగలదు; పెంకు ఎంత తళతళలాడినా లాభం లేదు. బాగా ఉడికిస్తే చస్తుంది, మయోనీస్‌కేమో పొయ్యి సెగే తగలదు. అరగంటకోసారి రెట్టింపవుతుందనుకుంటే, కాగితం మీద లెక్కకు ఒక్కటి పన్నెండు గంటల్లో కోటీ 67 లక్షలు దాటుతుంది. అయినా వాసన రాదు, రుచి మారదు. మన పరీక్షలన్నీ ముక్కుతోనే కదా: మూత తీసి వాసన చూసి, "బానే ఉంది, తినెయ్" అంటాం.

2024 అక్టోబరులో హైదరాబాదులో మొమోలు తిని ఓ మహిళ చనిపోయింది, ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. ఆ నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనీస్‌ను నిషేధించింది, ఏడాది పాటు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడూ నిషేధించింది, అదీ ఏడాదికే. బాక్టీరియాకు ఏడాది శిక్ష వేసిన న్యాయం మనది. సత్ప్రవర్తన చూపితే ముందే వదిలేస్తారేమో తెలీదు.

నిషేధం వచ్చిన వారానికి మా బండికి ఓ అట్టముక్క వేలాడింది: "ఎగ్‌లెస్ మయో". గిన్నె అదే, గరిటె అదే, గ్లౌజు కూడా అదేనని నా అనుమానం. బండి కింద గుడ్ల ట్రే కనిపించి, ఇవెందుకన్నాను.

"ఆమ్లెట్‌కి సార్."

బండి మీద మొమోల ఆవిరిగిన్నె తప్ప పెనమన్నదే లేదు. నా వెనక నిలబడ్డ కుర్రాడు మాత్రం తొందరపడుతున్నాడు: "అన్నా, మయో ఇంకొంచెం ఎక్కువెయ్యి!"