రాక్షసుడికి ఎన్ని కోరలుండాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో రాక్షసులది రెండు జాతులు. హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం, తగ్గించేవి ఒకటి, వాటి జోలికే పోకుండా మనిషిని కాజేసేవి రెండోది. మొదటి జాతితో పేచీ లేదు. ఓగర్ దుడ్డుకర్రతో బాదుతుంది, పదమూడు పాయింట్లు పోతాయి, క్లెరిక్ మంత్రం వేస్తాడు, ఎనిమిది తిరిగొస్తాయి. చూపుతో రాయి చేసేది, ఏడుపుతో పడగొట్టేది, తాకి బలం పీల్చేది, మెదడు తినేది రెండో జాతి. పుస్తకంలో చదివినప్పుడు ఇవి ఆట నడిపే డంజన్ మాస్టర్‌కు ఎంత ముద్దొస్తాయో, బల్ల మీదికి వచ్చాక అతని ప్రాణం అంతగా తోడేస్తాయి.

ఏ రాక్షసుడిని ఎవరి మీదికి వదలాలో చెప్పడానికి ఛాలెంజ్ రేటింగ్ అనే అంకె ఉంది. 2000లో మూడో ఎడిషన్‌తో వచ్చింది. 2014 నాటి ఐదో ఎడిషన్ ప్రకారం రేటింగ్ 2 అంటే, కంటినిండా నిద్రపోయి, తగిన ఆయుధాలు పట్టుకున్న రెండో లెవెల్ వాళ్లు నలుగురు, ఒక్కరు కూడా చావకుండా ఆ రాక్షసుడిని ఓడించగలరని. అంకె కట్టేది ముఖ్యంగా రాక్షసుడి హిట్ పాయింట్లు, కవచం, దెబ్బ బలం చూసి. మెదడు తినడానికి ఎన్ని మార్కులు వేయాలో ఆ లెక్కలో సరిగా కుదరలేదు.

ఇందుకు సాక్ష్యం 2014 నాటి ఇంటెలెక్ట్ డెవరర్. నాలుగు గోళ్ల కాళ్లున్న మెదడు, అంతే దాని ఆకారం. ఉన్నవి 21 హిట్ పాయింట్లు, రేటింగ్ 2. పది అడుగుల లోపల ఎవరికైనా మెదడుంటే చాలు, దాని మీద పడుతుంది. బాధితుడు ఇరవై ముఖాల పాచిక వేసి 12 తెచ్చుకోవాలి. ఫైటర్‌కు తెలివి స్కోరు చాలాసార్లు 8 దగ్గరే ఆగుతుంది; బలం కోసం తెలివిని తాకట్టు పెట్టడం ఆ వృత్తిలో ఆనవాయితీ. దాంతో పాచికలో ఒకటి కోత పడి, నూటికి అరవై సార్లు తప్పుతుంది. తప్పితే డంజన్ మాస్టర్ మూడు ఆరు ముఖాల పాచికలు దొర్లిస్తాడు. మొత్తం ఎనిమిదో ఆపైనో వస్తే తెలివి సున్నా, మనిషి ఉన్నచోటే స్తంభించిపోతాడు. ఎనిమిదో ఆపైనో రావడం నూటికి ఎనభై నాలుగు సార్లు జరిగేదే. రెండూ కలిపి చూస్తే సగానికి సగం అవకాశం. ఆ తర్వాత అది బాధితుడి పుర్రెలో కాపురం పెట్టడానికి ప్రయత్నిస్తుంది. పోయిన తెలివి తెప్పించే గ్రేటర్ రెస్టొరేషన్ మంత్రం క్లెరిక్‌కు తొమ్మిదో లెవెల్లో గానీ దొరకదు. రోగం రెండో లెవెల్లో, మందు తొమ్మిదో లెవెల్లో.

నిజానికి చావే కొంత నయం. పాత్ర చచ్చిన ఆటగాడికి పని ఉంటుంది, కొత్త పాత్ర కాగితం ముందేసుకుని పేరు వెతుక్కుంటాడు. స్తంభించినవాడికి ఆ భాగ్యమూ లేదు. వంతు వచ్చినప్పుడల్లా "నేనేం చెయ్యలేను" అని, మళ్లీ ఫోన్‌లోకి తల దూర్చాలి. బజ్జీల పళ్లెం ముందుగా ఖాళీ అయ్యేది అతని వైపే.

పాతకాలం వాళ్లకు ఈ జాలి లేదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆటను అచ్చువేసిన తొలి రోజుల్లో విషం అంటే చాలావరకు ఒక్క పాచిక: పడితే బతుకు, తప్పితే చావు. వైట్ అనే ప్రేతం తాకితే ఒక లెవెల్ పోయేది, వాంపైర్ కొడితే రెండు. నెలల తరబడి ఆడి సంపాదించుకున్న లెవెల్ అది. ఉద్యోగికి వచ్చిన ఇంక్రిమెంట్లు వెనక్కి లాక్కున్నట్టే కాబట్టి, చావుకు భయపడనివాళ్లు కూడా వైట్ పేరు చెబితే తలుపు వేసేవారు. రస్ట్ మాన్‌స్టర్ మనిషిని ముట్టదు, ఇనుమును తుప్పు పట్టిస్తుంది. గైగాక్స్ దాన్ని ఒక చౌక ప్లాస్టిక్ బొమ్మను చూసి పుట్టించాడు. ఆ బొమ్మ జాతిని చూసి పరుగెత్తినంతగా డ్రాగన్‌ను చూసి కూడా ఎవరూ పరుగెత్తి ఉండరు.

ప్రమాదాన్ని పలచన చేయకుండానే న్యాయం చేయవచ్చని 2014 నాటి ఐదో ఎడిషన్ మెడూసా చూపిస్తుంది. ముప్పై అడుగుల్లో దాని కళ్లు చూస్తే 14 తేవాలి. కొద్దిలో తప్పితే ఒళ్లు బిగుసుకుపోతుందే గానీ రాయి కావడానికి ఇంకో వంతు గడువుంటుంది. ఐదు, ఆపైన తేడాతో తప్పితేనే అక్కడికక్కడే శిల. పైగా కళ్లు తిప్పుకోవచ్చు. అప్పుడు కత్తి గురి తప్పుతుంది, అది వేరే బేరం. అన్నిటికంటే పెద్ద న్యాయం గుహ బయటే జరిగిపోతుంది. అక్కడ రాతి మనుషులుంటారు. ఒకడి కత్తి సగమే ఒరలోంచి వచ్చింది, ఒక కాలు గాల్లో ఉంది, నోరు తెరిచి ఉంది. ఏ శిల్పీ చెక్కని భంగిమ. డంజన్ మాస్టర్ ఇంత వర్ణించాక కూడా ఒక ఆటగాడు "ఈ బొమ్మ అమ్మితే ఎంతొస్తుంది?" అని అడుగుతాడు. అలాంటివాడిని ఏ నియమావళీ కాపాడలేదు, కాపాడాల్సిన అవసరమూ లేదు.

వాలి కథ కూడా ఈ లెక్కే. ఎదురుగా నిలబడినవాడి బలంలో సగం అతనికి వెళ్లిపోతుందని ప్రసిద్ధి. అంతకంటే ఘోరమైన శక్తి ఏ మాన్‌స్టర్ మాన్యువల్‌లోనూ ఉండదేమో. అయితే ఆ సంగతి ముందే తెలుసు, శక్తికి హద్దూ ఉంది. కాబట్టి చెట్టు చాటు నుంచి బాణం వేశారు. బాన్‌షీ కూడా అలాంటిదే. 2014 పుస్తకంలో దాని రేటింగ్ 4 మాత్రమే; దాని ఏడుపు ముప్పై అడుగుల్లో విన్నవాళ్లను పాచిక తప్పితే ఒక్కసారిగా సున్నా హిట్ పాయింట్లకు దించుతుంది. కానీ రోజుకు ఒక్కసారే ఏడుస్తుంది, ఎండలో ఏడవలేదు. ఊళ్లో ఒక ముసలమ్మ చేత ఆ రెండు ముక్కలూ ముందే అనిపిస్తే చాలు, జట్టు చెవుల్లో మైనం పెట్టుకుని మధ్యాహ్నం బయల్దేరుతుంది.

ఇక సంఖ్య. షాడో అనే నీడ రేటింగ్ సగమే, అంటే ఒకటికి కూడా చాలదు. దెబ్బకు ఒకటి నుంచి నాలుగు దాకా బలం పీలుస్తుంది, గంటసేపు నడుం వాలిస్తే తిరిగొస్తుంది. మందు చేతిలోనే ఉంది, కానీ అది వాడుకునే దాకా బతకాలి. మూడో లెవెల్ నలుగురి మీదికి ఆరు నీడలను వదిలితే, 2014 పుస్తకం లెక్కలో తేలేది 1200 పాయింట్లు. అది "కష్టం" గీతకు పైన, "ప్రాణాంతకం" గీత 1600కు కింద. బలం 8 ఉన్న విజర్డ్‌ను పాచిక ముఖం చాటేస్తే రెండు దెబ్బలే పడగొడతాయి. చచ్చినవాడు దుర్మార్గుడు కాకపోతే నాలుగు గంటల్లోపు ఏడో నీడగా లేస్తాడు. ఇంత చవకగా సిబ్బందిని పెంచుకునే రాక్షసజాతి ఇంకోటి లేదు.

ఇన్ని లెక్కలూ తప్పితే డంజన్ మాస్టర్‌కు అట్ట తెర ఉంది. దాని వెనక పడిన పద్దెనిమిదిని నోటితో తొమ్మిది అనొచ్చు. దీన్ని కొందరు దయ అంటారు, కొందరు మోసం అంటారు. ఒక్కసారి పట్టుబడితే తర్వాత రాక్షసులెవరికీ విలువుండదు. కాబట్టి అంకె మార్చడం కంటే రాక్షసుడి బుద్ధి మార్చడం మేలు: కడుపు నిండిన మృగం వెళ్లిపోతుంది, తెలివైనది బందీలకు బదులు డబ్బు అడుగుతుంది.

ఇదంతా ఆటగాళ్ల పక్షం. రెండో పక్షం డ్రాగన్‌ది. ఆటగాళ్లకూ ఇవే శక్తులుంటాయి: మాంక్ ఒక పిడిగుద్దుతో ఎంత పెద్ద జీవినైనా స్తంభింపజేయగలడు. నెలరోజులు ఊరించి తెచ్చిన ముసలి డ్రాగన్ మొదటి వంతులోనే కొయ్యబారితే డంజన్ మాస్టర్ ముఖం చూడలేం. అందుకే ఐదో ఎడిషన్ డ్రాగన్ల వంటి పెద్ద రాక్షసులకు లెజెండరీ రెసిస్టెన్స్ ఇచ్చింది. తప్పిన పాచికను రోజుకు మూడుసార్లు "నెగ్గింది" అనిపించుకోవచ్చు. లెక్క తెలిసిన మాంక్ ఒకే వంతులో ఆ మూడూ ఖర్చుపెట్టించడానికి గుద్దు మీద గుద్దు గుద్దేవాడు. 2024 సవరణలో ఆ గుద్దును వంతుకు ఒక్కసారికే కట్టడి చేశారు. డ్రాగన్ల తరఫున అర్జీ ఎవరు పెట్టుకున్నారో పుస్తకంలో రాయలేదు.