నల్లటోపీ శ్లోకానికి టీకా తాత్పర్యం

మూలం:
వానలో నల్లటోపీ చెమర్చె
అంబాసిడరు అండర్‌బ్రిడ్జిలో ఆగె

టీకా: నల్లటోపీ = బేకలైటు డిస్ట్రిబ్యూటర్ క్యాపు; చెమర్చె = తేమ పట్టె; అంబాసిడరు = 2014లో తయారీ ఆగిపోయిన కారు, ఇక్కడ పాత పెట్రోలుది; అండర్‌బ్రిడ్జిలో = మల్కాజ్‌గిరి రైలు పట్టాల కింద; ఆగె = మామూలే.

తాత్పర్యం: అంత ఇంజనుండగా కవి అరచేతిలో ఇమిడే టోపీని పట్టుకోవడం ఔచిత్యమే. కాయిల్లో పుట్టిన వేల వోల్టుల కరెంటు టోపీ నడినెత్తిన దిగి, లోపల తిరిగే రోటరు మీదుగా 1-3-4-2 వరుసలో నాలుగు ప్లగ్గులకూ చేరాలి. పంచిపెట్టే టోపీ మాత్రం తాను రవ్వంత కూడా మింగకూడదు. పైగా పక్కన ఇంజను సెగ, కింద కుదుపు. పింగాణీ కుదుపుకు పగులుతుంది, ఎబొనైటు వేడికి మెత్తబడుతుంది, చెక్క తేమ పీలుస్తుంది. లియో బేక్‌లాండ్ 1907లో ఫినాలు, ఫార్మాల్డిహైడు కలిపి చేసిన బేకలైటు అనే ప్లాస్టిక్ ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ కరగదు, కరెంటును దాటనివ్వదు. కాబట్టి ప్లాస్టిక్ బండిలోకి ఇనుముకు చౌకబారు మారుగా కాక, ఇనుముకూ చెక్కకూ చేతకాని పని చేయడానికే వచ్చిందని మా సిద్ధాంతం.

పూర్వపక్షి ఊరుకోడు. 1908 నాటి ఫోర్డు మోడల్ టి చెక్క కాయిల్ పెట్టెతోనే నడవలేదా అంటాడు. నడిచింది, చెక్కకు చెమ్మ తగిలితే మొరాయించింది కూడా. మరి తూర్పు జర్మనీ కారు ట్రబాంటు మాటేమిటి? ఉక్కు కొరతవల్లే కదా పత్తి వ్యర్థాన్ని ఫినాలు రెసినుతో కలిపి దాని ఒంటికి పలకలు అచ్చుపోశారు? ఒప్పుకుంటాం. సనత్‌నగర్ బేకలైట్ హైలం ఫ్యాక్టరీ పుణ్యమా అని మన ఊరికి బాగా తెలిసిన లామినేటు షీటుదీ ఆ గోత్రమే. రైలు పెట్టెల లోపలి గోడలకు అతికించే షీటు వార్నిషు చెక్కకు మారే, కాదనం. కానీ ఒంటి తొడుగును చూసి వంశం మొత్తానికి నకిలీ ముద్ర వేస్తే ఎలా? ట్రబాంటు పలక తుప్పు పట్టలేదు. ఆ కారును నవ్వులపాలు చేసింది ఎక్కువగా పొగ కక్కే రెండు సిలిండర్ల ఇంజనే.

అసలు ఆక్షేపణ వేరే ఉంది. టోపీ అంత గొప్పదైతే బండి ఎందుకాగింది? ఇక్కడ వ్యాఖ్యాతలు తొందరపడి బేకలైటును తిడతారు. తేమ చేరింది దాని ఒంట్లోకి కాదు, పైన పేరుకున్న కార్బన్ దుమ్ములోకి. ఆ తడి మసే కరెంటుకు దొంగదారి చూపిస్తుంది. క్లిప్పులు ఊడదీసి పొడిగుడ్డతో లోపలంతా తుడిస్తే బండి స్టార్టయిందా, టోపీ నిర్దోషి. రెండు కాంటాక్టుల నడుమ వెంట్రుకంత నల్లగీత కాలిపోయి కనిపిస్తే మాత్రం కొత్తది వేయించాల్సిందే; గీకి వాడుకొమ్మని ఏ టీకాకారుడూ చెప్పలేదు.