లోపలి మేస్త్రి

ఇంట్లో కొళాయి కారితే ప్లంబరును పిలుస్తాడు. ఫ్యాను కీచుమంటే కరెంటు పనివాడికి ఫోను చేస్తాడు. తలుపు గడియ ఊడితే వడ్రంగికి కబురు పెట్టి, ఆయన బిగించి పోయేదాకా పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటాడు. అదే కారు సీటుకు వేలు పట్టేంత చిల్లి పడిందనుకోండి, ఊళ్ళో ఏ మేస్త్రీ దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. చొక్కా విప్పేసి లుంగీ ఎగ్గట్టి, పాత బిస్కెట్ల డబ్బాలోంచి దబ్బనం తీస్తాడు. ఆ డబ్బా మూత శబ్దం వినబడిందంటే ఇంట్లో వాళ్ళకు ఆ ఆదివారం మీద ఆశ పోయినట్టే.

పాతకారుకు లోపలి పనులన్నీ తానే చేసుకునే ఈ రకం మనిషి చిన్న టౌన్లలో తప్పకుండా ఒకడుంటాడు. కడప జిల్లా కమలాపురంలో మా వీధికి దక్కినాయన్ని అందరం అంబాసిడర్ సారు అంటాం. రిటైరైన లెక్కల అయ్యవారు. కారు 1979 నాటి మార్క్ ఫోర్. మొదట ఏదో ప్రభుత్వ ఆఫీసులో తిరిగి, వేలంలో పెళ్ళిళ్ళకు కార్లు బాడుగకిచ్చే ఆసామి చేతికొచ్చి, చివరకు సారు ఇంటి ముందు వేపచెట్టు కింద కుదురుకుంది.

ఇంజను సంగతి సారుకు పట్టదు. అది మెకానిక్ సామ్రాజ్యం. వాడు బానెట్ ఎత్తి ఏం తీశాడో ఏం పెట్టాడో అడగడు, బిల్లు కడతాడు. "అది మిషనప్పా. దానికి కావాల్సింది వాడు చూసుకుంటాడు. మనం కూచునేది సీట్లో గదా" అంటాడు. కారు తలుపు బయట ఉన్నదంతా బజారుది, లోపలున్నది సంసారం. సంసారంలో పరాయివాణ్ణి చెయ్యి పెట్టనిచ్చే మనిషి కాడు.

సీటు విప్పిన రోజు చూడాలి ఆయన్ని. పైన పెళ్ళిళ్ళ కాలం నాటి మెరూన్ వెల్వెట్. దాని కింద ముదురాకుపచ్చ రెక్సిన్. ఆ రెక్సిన్‌కు తుప్పు పట్టిన పిన్నీసులు. అవి అధికారి గారి వీపు కోసం తెల్ల టర్కీ టవలు పరిచిన కాలానివి. దానికీ కింద ఇంకో రెక్సిన్, తర్వాత గోనె, కొబ్బరి పీచు, అట్టడుగున స్ప్రింగులు. ఒక్కో పొర తీసి, ఏ యజమాని కాలందో చెప్పి, పిల్లల్ని పిలిచి చూపిస్తాడు. సందుల్లోంచి శనక్కాయ పొట్టు, కల్యాణ మండపం వక్కలు, 2011 జూన్ ఆఖరుతో చెల్లకుండా పోయిన పావలా బిళ్ళలు దొరికాయి. ఒక వెండి మెట్టె కూడా దొరికింది. అది ఎవరో తెలియని ఒక పెళ్ళికూతురుదని ఇంట్లో నిరూపించుకునేసరికి సీటు పని చాలా వెనకబడింది.

కడప నుంచి వచ్చిన సీట్ల మేస్త్రి ఒకాయన దారిన పోతూ ఆగి జాలిపడ్డాడు. "ఈ పీచంతా పారేసి ఫోము వేద్దాం సార్. గంటలో అయిపోతాది."

"గంటలో అయ్యేదానికి నేనెందుకప్పా?" అన్నాడు సారు.

నాకు తెలిసి ఆయన నోటి నుంచి వచ్చిన అతి నిజమైన మాట అదే. పీచును నీళ్ళు చల్లి, వేళ్ళతో విడదీసి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ స్ప్రింగుల మీద పరిచి, గోనె కప్పి, పురికొసతో కుట్టాలి. కుట్టు ఎక్కడ బిగించాలో ఎక్కడ వదలాలో పరుపులు కుట్టే ఆయన దగ్గర నేర్చుకున్నాడు. బాగా బిగిస్తే సీటు బల్లయిపోతుంది, వదిలేస్తే స్ప్రింగు కూర్చున్నవాణ్ణి ప్రశ్న అడుగుతుంది. సారు సీటు ఎడమ పక్క బల్ల, కుడి పక్క ప్రశ్న.

ముందు సీటు ఒకే పొడుగు బల్లలాగా ఉంటుంది కదా ఆ కార్లకు. గేరు కర్ర స్టీరింగు కింద ఉండటంతో ముగ్గురు హాయిగా కూర్చోవచ్చు. 1990ల మొదట్లో ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడర్‌కు గేరు కింద నేలలోకి పోయి, ముందు వేర్వేరు సీట్లు కూడా వచ్చాయి. వాటిని సారు సెలూను కుర్చీలంటాడు. ఆ పొడుగు సీటును పని కోసమని తీసి వరండాలో పెట్టాడు. వచ్చినవాళ్ళు దాని మీద కూర్చోవడం మొదలుపెట్టారు. పాలవాడు, ఎల్‌ఐసీ ఏజెంటు, ఊళ్ళో దర్గా ఉరుసుకు వచ్చి దిగిన దూరపు చుట్టాలు. ఒక పెళ్ళిచూపుల వాళ్ళు కూడా కూర్చుని సంబంధం ఖాయం చేసుకుని పోయారు. ఇప్పుడు దాన్ని తిరిగి కార్లో బిగించడానికి ఆయన భార్య ఒప్పుకోవడం లేదు. సోఫా అడిగితే కొనివ్వని మనిషి ఇన్నేళ్ళకు తన చేత్తో ఒకటి కుట్టాడు, దాన్ని ఎందుకు వదులుకుంటుంది? సారు ఒక ప్లాస్టిక్ కుర్చీకి కాళ్ళు కోసి డ్రైవింగుకు వాడుకుంటున్నాడు. అది మటుకు బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు వస్తుంది.

డోరు ప్యాడ్ల దగ్గర ఆయన గెలిచాడు, ఆ మాట ఒప్పుకోవాలి. అద్దం పక్కనుండే పట్టీ అరిగిపోతే వాననీళ్ళు తలుపు లోపలికి దిగి అట్ట నాని, ఉబ్బి, వంకర పోతుంది. సీట్ల షాపులో అయితే కొత్త అట్ట కోసి పెడతారు. సారు పాత అట్టనే తడిపి, ఎర్రగుంట్ల దిక్కు నుంచి ఇంటికి తెచ్చిన నల్ల కడప బండలు రెంటి మధ్య పెట్టి వారం తర్వాత తీశాడు. గీత గీసినట్టు చదునుగా వచ్చింది. లోపల పాలిథీన్ కాగితం కూడా అంటించాడు, నీళ్ళు ఈసారి అట్టను తాకకుండా. ఆ బండల్లో ఒకటి ఇంట్లోని గుమ్మం బండ అని, దాన్ని పెరికాడని, చీకట్లో అత్తగారు తూలిపడబోయిందని మనం ఇక్కడ ఎత్తకూడదు.

పైకప్పు గుడ్డ దగ్గర మాత్రం కడప ఎండ గెలిచింది. ఆ గుడ్డ ఇనప కమ్మీల మీద వేలాడుతుంది. మధ్యలోంచి మొదలుపెట్టి ముందుకూ వెనక్కూ లాగుతూ, అంచులకు జిగురు పూసి మడిచి దోపాలి. ఆ జిగురు ఇనుముకూ గుడ్డకూ రెంటికీ పూసి, కాస్త ఆరనిచ్చి, అప్పుడు అదమాలి. కాస్త ఆరనివ్వడమనేది ఎవరో చల్లటి దేశంలో రాసుకున్న మాట. మే నెలలో కమలాపురంలో బ్రష్షు డబ్బాలోంచి కారు దాకా పోయేలోపే ఆరిపోతుంది. అందుకని సారు కోడికూతకు ముందే లేచి, టార్చి పళ్ళతో కరుచుకుని అంటించాడు. బాగానే అంటుకుంది. మధ్యాహ్నం కారు రేకు కాలేసరికి జిగురు మెత్తబడి ఊడింది. ఊడిన సంగతి పెళ్ళికి బయల్దేరాక తెలిసింది. ఎర్రగుంట్ల దాకా వెనక సీట్లో నలుగురూ రెండు చేతులూ పైకెత్తి గుడ్డను మోస్తూ పోయారు. దారిలో చూసినవాళ్ళు తిరుమలకు పోతున్నారనుకుని వాళ్ళూ చేతులెత్తారు.

వస్తువుల వేటలో ఆయన నోటికి అడ్డులేదు. 2021 నవంబరు వరదలకు మా ఊరి దగ్గర పాపాగ్ని నది మీది వంతెన కూలినప్పుడు ఊరంతా ఆ కష్టం పడింది; సారు ఒక్కడే ఆ వంతెనను తన రెక్సిన్ ఆలస్యానికి సాక్ష్యంగా ఇప్పటికీ పిలుస్తుంటాడు. అద్దం దించే పిడి కోసం రైలెక్కి మద్రాసు పుదుపేట పోయాడు. పాత కార్ల సామానుకు ఆ పేట పెట్టింది పేరు. పిడి దొరికింది. వచ్చేటప్పుడు దాన్ని కండువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, రేణిగుంట దాటేసరికి బోగీలో అందరి చేతా పట్టి చూపించాడు. పిడి వెనకాల ఉండే చిన్న పిన్ను మాత్రం బోగీలోనే పడిపోయింది.

"ఇంత కష్టం దేనికి సార్?" అని అడిగినవాళ్ళకు ఆయన దగ్గర లెక్క ఉంది. లెక్కల అయ్యవారు కదా. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 2014 మేలో ఈ కారు చెయ్యడం మానేసింది. 2017లో ఆ పేరును ఫ్రాన్సు కంపెనీ ప్యూజో 80 కోట్లకు కొనింది. "వట్టి పేరుకు 80 కోట్లప్పా. సీటు లేదు, అద్దం లేదు, పిడి లేదు. నా దగ్గర పేరుతో పాటు ఇవన్నీ ఉండాయి. లెక్క నువ్వే వేసుకో."

పోయిన సంక్రాంతికి బామ్మర్ది వచ్చి ఫోన్లో ఒక నిబంధన చదివి వినిపించాడు. 2021 జులైలో కేంద్రం పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బండి వింటేజ్ కిందికి వస్తుంది, వీఏ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు, కొత్తగా తీసుకోవడానికి 20 వేలు ఫీజు. సారు మొహం వెలిగింది. 1979కి 50 కలిపితే 2029. వరండాలో సీటు వంక, డోరు ప్యాడ్ల వంక, గుడ్డ లేని పైకప్పు వంక చూసి, "ఇంకా టైముంది. సీటు కూడా పాత పద్ధతిలోనే చేసినా. ఎవడొచ్చి చూసుకున్నా సరే" అన్నాడు.

"సీటు ఊసే లేదు బావా దీంట్లో" అన్నాడు బామ్మర్ది. "చాసీ, బాడీ, ఇంజను. ఈ మూడూ మార్చకుండా ఉండాలంట. ఇంజను మనది మెటడోర్ డీజిల్ది గదా? మెకానిక్ ఎప్పుడో మార్చినాడు గదా?"

సారు చాలాసేపు గమ్మునున్నాడు. మనం పాపం అనుకునేలోపే లేచి, రైలు టైములు అడిగాడు. పుదుపేటలో పాత పెట్రోలు ఇంజను దొరుకుతుందట. ఈసారి మెకానిక్‌ను నమ్మేది లేదట, తానే విప్పి తానే బిగిస్తాడట.

"ఇంజను తెచ్చి యాడ పెడతావు?" అంది లోపల్నుంచి ఆయన భార్య.

"వరండాలో, సీటు పక్కన. రోంత జాగా చాలు."

"అదొచ్చిన రోజు నేను మా అన్న దగ్గరికి పోతా."

"ఎట్ల పోతావు? కారు పనిలో ఉంది గదా."

"ఇన్నేండ్లూ ఎట్ల పోతాండా? బస్సులో" అంది ఆమె. అని, ఆ పొడుగు సీటు బల్లగా ఉన్న పక్క చూసుకుని కూర్చుని, చిక్కుడుకాయలు ఈనెలు తీయడం మొదలుపెట్టింది.