దేవదూత మరచిపోయిన కాగితములు

తుంబలహళ్లిలో తాతలనాటి మెట్టకు హక్కు చూపవలసివచ్చిన రైతు తాసిల్దారు ఎదుట నిలిచి, "అయ్యా, అసలు పత్రము బంగారు రేకులపై నుండెను, నేను నకలు వ్రాసికొనిన పిమ్మట దేవదూత వచ్చి దానిని గొనిపోయెను" అని విన్నవించుకొన్నచో, ఆ అధికారి ఆతనిని పిచ్చివాడనుకొనునో గడుసువాడనుకొనునో గాని, పట్టా మాత్రము ఈయడు. అర సెంటు నేలకు చాలని ఈ సాక్ష్యము, క్రైస్తవ సంఘములన్నియు దారితప్పినవని తీర్పు చెప్పుటకు చాలునని అమెరికాలో జోసెఫ్ స్మిత్ అను యువకుడు 1830లో తలచెను. లక్షలాది జనమునకు చాలినది కూడ.

ఆతడు స్థాపించిన ఈ మోర్మన్ మతము మనకు పరాయిది కాదు. 1978లో హైదరాబాదున అడుగిడినది. బంగారు రేకుల తర్జుమాయని స్మిత్ చెప్పిన మోర్మన్ గ్రంథపు భాగములు 1982లో తెలుగున వెలువడినవి. మాకు చేరువనున్న బెంగుళూరులో 2020లో దాని ఆలయమునకు శంకుస్థాపన జరిగినది. తెల్లచొక్కాలతో జంటలుగా వచ్చు ఆ ప్రచారక యువకుల మర్యాదకు నేను వంకపెట్టను. మా పాస్టరుగార్లలో కొందరు వారియొద్ద సమయపాలనము నేర్చుకొనవచ్చును. నా తగవు వారి ప్రవక్తతో.

1828లో, ఆ రేకులనుండి తర్జుమా అయిన 116 పుటలను మార్టిన్ హారిస్ అను శిష్యుడు ఇంటికి గొనిపోయి పోగొట్టెను. మూలము ఉన్నది, దివ్యశక్తి ఉన్నది, మరల చెప్పి వ్రాయించిన తీరిపోవును గదా యని మనవంటి మందబుద్ధులకు తోచును. కాని దుష్టులు ఆ పుటలను దిద్ది, రెండు ప్రతులకును పొంతన లేదని చాటుదురని ప్రభువు హెచ్చరించెనట. అదే కాలపు కథ గల వేరొక రేకుల కట్టను రెండువేల యేండ్లకు మునుపే ఇందుకొరకు సిద్ధపరచియుంచెనట! హారిసు అజాగ్రత్తను అంత ముందుగా ఎరిగిన దేవుడు, పుటలు ఈయవలదని రెండుమారులు చెప్పియు మూడవమారు ఏల ఒప్పుకొనెనో తెలియదు.

మీ సువార్తల మూలప్రతులు మాత్రమెక్కడనున్నవని మోర్మనులు అడుగుదురు. లేవు. కాని క్రొత్త నిబంధన గ్రీకు వ్రాతప్రతులు ఐదువేలకు పైగా నున్నవి. వానిని ఒకదానితో నొకటి పోల్చి తప్పు పట్టుటకు నాస్తికునికిని అడ్డులేదు. స్మిత్తు రేకులకో, పదునొకండుగురు సాక్షుల మాట దప్ప మరియొక ఆధారము లేదు.

అయితే దేవదూతయు ఒకమారు ఏమరుపాటు చెందెను. 1835లో ఐగుప్తు మమ్మీలతో ఊరూర తిరుగు ఒక ప్రదర్శకునియొద్ద కొన్ని మమ్మీలతో సహా 2400 డాలర్లకు కొన్న పపైరస్ చుట్టలను చూచి, ఇది అబ్రాహాము స్వహస్తలిఖితమని స్మిత్ ప్రకటించి, దానిని 'అబ్రాహాము గ్రంథము'గా తర్జుమా చేసెను. ఆ లిపి చదువగలవాడు నాడు అమెరికాలో లేడు. అదియే ఆతని ధైర్యము. 1871 నాటి చికాగో అగ్నిప్రమాదమున అవి కాలిపోయినవని అందరును నమ్మియుండగా, 1967లో కొన్ని తునుకలు న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమునుండి బయటపడినవి. పండితులు చదివిరి. అవి హోర్ అను ఐగుప్తు పూజారి మొదలైనవారి శవములతో నుంచిన ఉత్తరక్రియల మంత్రములు. అబ్రాహాము కాలమునకు వేయేండ్లకు పైబడిన తరువాతివి. అందులో అబ్రాహాము పేరైనను లేదు.

ఆ అక్షరములకును స్మిత్తు తర్జుమాకును పొంతన లేదని 2014లో ఆ సంఘమే ఒప్పుకొని, ఆ చుట్ట దివ్యప్రేరణకు నిమిత్తమాత్రమై యుండవచ్చునని సవరణ చెప్పినది. అబ్రాహాము గ్రంథము నేటికిని వారి లేఖనములలోనే యున్నది.