టార్చిలైటు చూసిన ప్రెసిడెంటు ఊరు

నేను మూడు బ్యాటరీల టార్చిలైటుని. రేకు ఒళ్లు, గుండ్రటి అద్దం. బతుకంతా రామకుప్పం మండలంలో ఒక బోరుబావి దగ్గరే గడిచింది. రాత్రి వంతు కరెంటు రోజుల్లో మా పెద్దాయన ఏ రెండింటికో నన్ను పట్టుకుని లేచేవాడు. గట్టు మీద పాముందేమో, స్టార్టరు పెట్టెలో మూడు ఫేజులూ వచ్చాయో లేదో నేనే చూపించాలి. కౌండిన్య అడవి నుంచి ఏనుగులు దిగితే ఊళ్లోని టార్చిలన్నీ ఒక్కచోట చేరేవాళ్లం.

కొడుకు అమెరికాలోని ఆస్టిన్‌కు రమ్మంటే పెద్దాయన బట్టల మధ్య నన్నూ సర్దుకున్నాడు. "అక్కడ కరెంటు పోదు నాయనా" అన్నా వినలేదు.

ఒక ఆదివారం లిండన్ జాన్సన్ పొలం చూడబోయాం. 1963 నుంచి 1969 దాకా అమెరికా అధ్యక్షుడాయన. పెడర్నాలిస్ ఏటి ఒడ్డున తెల్లటి ఇల్లు, పొలంలోనే విమానాలు దిగే రన్‌వే. మరమ్మతులని ఇంటి లోపలికి వదల్లేదు. ఎర్ర ఒంటి, తెల్ల మొహం హియర్‌ఫర్డ్ ఆవుల దగ్గర పెద్దాయన చాలాసేపు నిలబడ్డాడు. జాన్సన్ పెంచిన మంద సంతతేనట. "మన పుంగనూరు ఆవు దీని కడుపు కిందికి దూరిపోతుందిరా" అన్నాడు. పదవి దిగాక జాన్సన్ ఇక్కడికే వచ్చేశాడు, మన సీమలో రాష్ట్రపతి పదవి దిగిన నీలం సంజీవరెడ్డి 1982లో ఇల్లూరు చేరినట్టు. 1973లో ఇక్కడే పోయాడు. ఏటి గట్టున ఓక్ చెట్ల కింద, సొంతవాళ్ల సమాధుల మధ్య ఉన్నాడు.

నా మనసు మాత్రం జాన్సన్ సిటీలోని ఆయన చిన్ననాటి ఇంట్లో నిలిచిపోయింది. 1920ల్లో ఎట్లా ఉండేదో అట్లాగే ఉంచారు. కట్టెల పొయ్యి, కిరసనాయిలు దీపాలు. ఒక దీపానికి గాజు చిమ్నీ, వత్తి ఎక్కించే చిన్న చక్రం. పెద్దాయన వేళ్లు అటు పోబోయి ఆగాయి. వాళ్లమ్మ చేతిలో అలాంటి దీపాన్నే చూసి పెరిగినవాడు.

ఆ కొండప్రాంతపు పల్లెల్లో అప్పట్లో కరెంటు లేదు. బావినీళ్లు మోసి మోసి ఆడవాళ్ల వీపులు చిన్న వయసులోనే వంగిపోయేవి. తీగలు లాగితే గిట్టుబాటు కాదన్నాయి కంపెనీలు. మైలుకు ముగ్గురు వాడకందార్లయినా ఉంటేనే అప్పిస్తామంది ప్రభుత్వ సంస్థ. 1937లో ప్రతినిధుల సభకు నెగ్గిన జాన్సన్ ఏకంగా అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దగ్గరికే పోయి అడిగాడు. 1938లో పెడర్నాలిస్ విద్యుత్ సహకార సంఘం ఏర్పడింది, మరుసటి ఏడు బల్బులు వెలిగాయి. వాడుకునేవాళ్లే సభ్యులు.

"అంటే మన రెస్కో మాదిరేనా?" అన్నాడు పెద్దాయన.

అదే మాదిరి. కుప్పం, రామకుప్పం, శాంతిపురం, గుడుపల్లె మండలాల రెస్కో కూడా గ్రామీణ విద్యుత్ సహకార సంఘమే. అమెరికా సంఘాల సలహాతో మన దేశంలో మొదట పెట్టిన అయిదింటిలో సిరిసిల్లది ఒకటి, 1970లో పని మొదలెట్టింది.

వియత్నాం యుద్ధం జాన్సన్‌కు మాయని మచ్చ, ఆ మాట దాచకూడదు. కానీ చీకట్లో పనిచేసిన దాన్ని కాబట్టి చెబుతున్నా: ఒక పల్లెకు తీగ లాగించడం చిన్న పని కాదు.

తిరుగుదారిలో పెద్దాయన కారు ఆపించి రోడ్డు పక్క స్తంభం దగ్గరికి నడిచాడు. చెక్క స్తంభం. అరచేత్తో తట్టి చూశాడు.

"మనవి సిమెంటువి. వీటికి చెదలు పట్టదా?"

"మందు పట్టిస్తారు నాయనా."

"ఎన్నేళ్లు నిలుస్తాయంట, అడుగు."